కెల్మ్‌స్కాట్ మేనర్: గుమ్మం దాటే ముందు చూరు చూడండి

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఈ రాతి ఇంటికి ఎక్కువమంది పందొమ్మిదో శతాబ్దపు డిజైనర్, కవి విలియం మారిస్ కోసమే వెళతారు. ఆయన 1871లో అద్దెకు దిగిన ఇల్లిది. కట్టింది మాత్రం 1600 ప్రాంతంలో, ఓ రైతు కుటుంబం. తెరలూ, సామానూ చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు.

ముందు కప్పు చూడండి. మీదున్నవి పెంకులు కావు, సున్నపురాతి పలకలు. చూరు దగ్గర వెడల్పాటివి, పైకి పోయేకొద్దీ చిన్నవి. అది సోకు కాదు. వాన నీళ్లు కిందికొచ్చేకొద్దీ పెరుగుతాయి కాబట్టి చూరు దగ్గర అతుకులు తగ్గాలి. పెద్ద పలకల బరువు గోడల దగ్గరే ఉండాలి. పైగా గనిలో వచ్చిన చిన్న ముక్క కూడా వృథా పోదు. ఈ ప్రాంతపు పద్ధతిలో పలకకు చిల్లు పొడిచి, ఓక్ చెక్క మేకుతో పట్టీకి తగిలిస్తారు. రాయి నిలుస్తుంది, మేకే ముందు పుచ్చుతుంది. పలక జారితే తడి వాసాల దాకా పోతుంది. అటక ఎక్కితే ఆ వాసాలు దగ్గరగా కనిపిస్తాయి. మెట్లు ఇరుకు, నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గదులతో సరిపెట్టుకోవడం మేలు.

పాత రాతి గోడల్లో సందులు పూడ్చేది సున్నమే. మన డంగు సున్నానికి దగ్గరి చుట్టం. దాని బదులు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, మంచుకు గడ్డకట్టి రాయినే పొరలుగా ఊడదీస్తుంది. పాత కట్టడాలను మరమ్మతు పేరుతో కొత్తవి చేసెయ్యడాన్ని ఎదిరించే సంఘాన్ని మారిస్ 1877లో పెట్టాడు. అది గుర్తుంచుకుని గోడలు చూస్తే ఇంకా బాగుంటుంది.

గొప్పింటి హంగు కావాలంటే ఇదే జిల్లాలోని చాసిల్‌టన్ హౌస్ (1607–1612) మెరుగు. అక్కడి 72 అడుగుల పొడవాటి గ్యాలరీకి కమాను కప్పు ఉంది. రాతి పని చదవడానికి మాత్రం కెల్మ్‌స్కాటే.

చలికాలంలో మూసేస్తారు, మిగతా నెలల్లోనూ వారమంతా తెరవరు. తేదీ చూసుకున్నాకే రైలు టికెట్ కొనండి. లండన్ ప్యాడింగ్టన్ నుంచి స్విండన్‌కు సుమారు గంట. బస మాత్రం స్విండన్‌లో వద్దు, లెచ్‌లేడ్‌లో చూసుకోండి: మేనర్ అక్కడికి 5 కిలోమీటర్లే, తేమ్స్ ఒడ్డు వెంబడి నడిచిపోవచ్చు. వానలు పడితే ఆ బాటంతా బురద. టాక్సీ ముందే చెప్పి పెట్టుకోండి.

తిరిగొచ్చేముందు ఊరి చర్చికి వెళ్లండి. వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ గీసిన మారిస్ సమాధి రాయి కూడా రెండు వాలుల ఇంటికప్పులాగే ఉంటుంది.