టీడీఎస్ పెన్ను: ఉప్పు లెక్క చెబుతుంది, మంచినీళ్ల తీర్పు చెప్పదు

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలు, ఇతర పదార్థాల మొత్తం. జేబులో పట్టే ఈ మీటర్ నిజానికి టీడీఎస్‌ను కొలవదు. కొసన ఉన్న రెండు లోహపు పిన్నుల మధ్య నీరు ఎంత కరెంటును పోనిస్తుందో (అదే వాహకత, దాని కొలమానం మైక్రోసీమెన్స్) చూసి, ఆ అంకెను ఒక గుణకంతో హెచ్చించి పీపీఎంగా (పది లక్షల్లో ఎన్ని వంతులో) చూపిస్తుంది. గొడవంతా ఆ గుణకంతోనే. కొన్నిట్లో అది 0.5, కొన్నిట్లో 0.7. వాహకత 1000 మైక్రోసీమెన్స్ ఉన్న ఒకే గ్లాసు నీళ్లకు ఒక పెన్ను 500, ఇంకోటి 700 చూపిస్తుంది. రెండూ బాగానే పనిచేస్తున్నట్టే. కాబట్టి వాహకతను నేరుగా చూపే రకమే కొనండి, పీపీఎం మాత్రమే చూపేది వద్దు.

గ్లాసును కొలవబోయే నీళ్లతోనే రెండుసార్లు కడగాలి. పిన్నులు మునగాలి గానీ పెన్ను మీది గీత దాటకూడదు. చాలా రకాల్లో పైభాగంలోకి నీరు దిగితే ఇక అంతే. పిన్నులకు గాలిబుడగలు అంటుకుంటే అంకె తక్కువ వస్తుంది, మెల్లగా కదిపి వదిలించాలి. వేడి ఒక డిగ్రీ మారితే వాహకత దాదాపు 2 శాతం మారుతుంది. పెన్ను దాన్ని తనే సరిచేసుకుంటుంది, కానీ నీళ్ల వేడి పిన్నులకు పట్టేదాకా ఆగాలి. తెర మూలన చిన్నగా కనిపించే ×10 గుర్తును వదిలేస్తే 1450 కాస్తా 145 అయిపోతుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

సరిచూడటానికి 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం చాలు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.745 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలిపితే 25 డిగ్రీల దగ్గర వచ్చే విలువ అది. వాడిన ద్రావణాన్ని మళ్లీ సీసాలో పోయకూడదు.

ఇక అసలు సంగతి. నీళ్లలో ఎంత కరిగిందో చెప్పే ఈ పెన్ను, ఏది కరిగిందో చెప్పలేదు. ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్‌కు 0.01. ఆ హద్దులు దాటినా ఇక్కడ అంకె కదిలినట్టే కనిపించదు. క్రిములు అసలే తెలియవు. పంచదార కలిపినా ఉలకదు. అయినా దీన్ని చూపించే ఆర్ఓ (రివర్స్ ఆస్మాసిస్, సన్నని పొరతో నీళ్లను వడకట్టే యంత్రం) అమ్ముతారు. రుచి వరకు చూస్తే 600 పీపీఎం లోపు నీళ్లు మామూలుగా బాగానే ఉంటాయి. 300 ఉన్న నీళ్లకు, వేరే కాలుష్యం ఏదీ లేనప్పుడు, ఆర్ఓ పెట్టడమంటే తాగేదానికంటే ఎక్కువ నీటిని మోరీలోకి వదలడమే. (ఇనుప కడ్డీలు పెట్టి కరెంటిచ్చి నీళ్లను గోధుమరంగులోకి మార్చే ప్రదర్శన ఉంది చూశారా, ఆ రంగు కడ్డీ కరిగినదే.)

మరి ఎందుకు పనికొస్తుంది? ఆర్ఓ ఉన్నవాళ్లకు మెంబ్రేన్ (ఆ వడపోత పొర) పరీక్షకు భేషుగ్గా పనికొస్తుంది. లోపలికి 800 వెళ్లి బయటికి 80 వస్తే 90 శాతం ఆపుతున్నట్టు. ఈ శాతం నెలనెలా పడిపోతుంటే మార్చాల్సిందే. ఖనిజాలు తిరిగి కలిపే మినరల్ కార్ట్రిడ్జ్‌కు ముందు నీళ్లనే కొలవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. సాగునీటికైతే ఇంకా మేలు: 700 మైక్రోసీమెన్స్ లోపు పంటకు ఉప్పు బెడద ఉండదు, 3000 దాటితే తట్టుకునే పంటలు తక్కువ. తీరప్రాంతపు బోర్లకు ఇంతకంటే చవకైన కాపలా లేదు. మోటారు వేసి, పైపులో నిలవున్న నీరు పోయాక కొలిచి, తేదీతో రాసిపెట్టుకోవాలి. ఏటా అదే కాలంలో అంకె పెరుగుతూ పోతుంటే సముద్రపు నీరు లోపలికి వస్తోందేమోనని అనుమానించి, క్లోరైడ్ పరీక్ష చేయించి, నీళ్లు తోడటం తగ్గించాలి.

వాడాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరాకే మూత పెట్టండి. పిన్నులకు తెల్లపొర పడితే కాసేపు వెనిగర్‌లో ఉంచితే పోతుంది. గీకితే మాత్రం పిన్నులే పోతాయి.