వ్యూస్కాన్‌తో నాలుగేళ్లు: ముక్కుపుడకను మింగేసిన సెట్టింగు

కావలిలో మాది నాన్న కాలం నాటి స్టూడియో. బీరువా నిండా నెగటివ్‌లే. 120 సైజు పెద్ద ఫిల్ము రోళ్లన్నీ నలుపు తెలుపు, ఆ తర్వాతివి 35 ఎంఎం కలర్. ఉప్పుగాలికి కొన్నింటి మీద బూజు పాకడం చూసి 2021లో స్కానింగ్ మొదలుపెట్టాను. అప్పటి పాత స్కానర్ డ్రైవర్ కొత్త విండోస్‌లో ఎక్కనే లేదు. ఎవరో చెబితే వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ దించి చూశా, నడిచింది. ట్రయల్‌లో బొమ్మ మీద డాలర్ గుర్తులు పడతాయి గానీ, మన స్కానర్‌తో పొసుగుతుందో లేదో తెలిసిపోతుంది. ఫిల్ము పనికైతే ప్రొఫెషనల్ ఎడిషనే తీసుకోండి.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ సిల్వర్‌ఫాస్ట్ కూడా గట్టిదే. కానీ దాని లైసెన్సు స్కానర్ మోడల్‌తో ముడిపడి ఉంటుంది. ఏడాది తిరిగేసరికి నా పాత స్కానర్ మూలనపడి ఎప్సన్ వీ600 కొన్నాను. వ్యూస్కాన్‌కి మళ్లీ పైసా కట్టే పని పడలేదు.

మొదట్లో నన్ను ఏడిపించింది రంగులు. ఒకే పెళ్లి, ఒకే రోలు. ఒక ఫ్రేములో తలంబ్రాల చీర పసుపు, పక్క ఫ్రేములో పాలిపోయిన గంధం. ప్రతి ఫ్రేముకీ లెక్క మళ్లీ మొదటినుంచి వేసేలా నేనే వదిలేశాను మరి. ఇప్పుడు రోలు మొదట్లో బొమ్మ పడని ముక్క ఉంటుంది చూడండి, క్రాప్ పెట్టె దాని మీద మాత్రమే పెట్టి ప్రివ్యూ కొడతా. లాక్ ఎక్స్‌పోజర్ టిక్కు, మళ్లీ ప్రివ్యూ, లాక్ ఫిల్మ్ బేస్ కలర్ టిక్కు. కలర్ నెగటివ్ అంతటా ఉండే నారింజ రంగు ఎంతో సాఫ్ట్‌వేర్‌కి తెలిసిపోతుంది. ఇక రోలంతా ఒకటే తీరు.

35 ఎంఎంకి 2400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెడతా. దాదాపు 3400×2270 పిక్సెళ్లు వస్తాయి, ఏ4 ప్రింటుకు ఢోకా లేదు. వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్‌లో (అద్దం మీద పరిచి తీసే స్కానర్‌లో) అంతకు మించి అంకె పెంచితే ఎక్కువగా ఉబ్బేది ఫైలే.

ఇక ముక్కుపుడక సంగతి. ఒక పెద్దావిడ పెళ్లి ఫోటో, నలుపు తెలుపు నెగటివ్. కలర్ వాటితో కలిసిపోతే చూసుకోకుండా కలర్ నెగటివ్ సెట్టింగులోనే, దుమ్ము మచ్చలు చెరిపే ఇన్‌ఫ్రారెడ్ క్లీన్ మీడియంలో ఉండగా, లాగించేశా. ప్రింటు చేతికిస్తే ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసి, "అబ్బయ్యా, నా ముక్కుపుడక యాడికి బోయింది?" అంది.

కలర్ ఫిల్ములో రంగులు ఇన్‌ఫ్రారెడ్ వెలుగును అడ్డుకోవు, దుమ్ము మాత్రమే అడ్డుకుంటుంది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మే వెండి, అదీ అడ్డుకుంటుంది. పుడక మెరుపు నెగటివ్‌లో చిక్కటి నల్లచుక్క. సాఫ్ట్‌వేర్ దాన్ని దుమ్మనుకుని పక్కనున్న చర్మంతో పూడ్చేసింది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది.

అప్పటికి రా ఫైలు (ఏ మార్పూ చేయని అసలు స్కాన్) దాచే అలవాటు లేదు, నెగటివ్ వెతికి మళ్లీ స్కాన్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు కలర్‌వి 64 బిట్ రా తీస్తున్నా. ఫ్రేముకు సుమారు 60 ఎంబీ, ఇన్‌ఫ్రారెడ్ కూడా అందులోనే. సోర్సులో ఫైల్ అని పెట్టుకుంటే స్కానర్ లేకుండానే ఆ రా మీద సెట్టింగులన్నీ మళ్లీ మార్చుకోవచ్చు. హార్డ్ డిస్కులు మాత్రం రెండు కొన్నా.

నలుపు తెలుపుకి ఇన్‌ఫ్రారెడ్ పూర్తిగా ఆఫ్. దుమ్ము బ్లోయరుతో ఊది, మిగిలింది ఫోటోషాప్‌లో చేత్తోనే. పెద్దావిడ ఫోటోకి గంటన్నర పట్టింది. పుడక జోలికి మౌసు పోనివ్వలేదు.