మురుగు కాలువకు చెరువు కిట్ సరిపోతుందా?

రొయ్యల రైతుల కోసం అమ్మే ఈ నీటి పరీక్ష కిట్‌ను నేను గత సార్వా ఊడ్పులకు ముందు కొన్నాను. నాకు చెరువు లేదు. గోదావరి డెల్టాలో మా వరిచేలు, చెరువుల నుంచి దిగే నీరు మురుగు కాలువ గుండా సముద్రానికి ఏమి మోసుకుపోతున్నదో చూడాలన్నదే ఉద్దేశం. అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్‌లకు చుక్కల మందులు, గాజు గొట్టాలు, రంగుల కార్డు ఇచ్చారు.

అమ్మోనియా పరీక్ష నమ్మదగినది. యూరియా చల్లిన మూడో రోజున కుండపోత వాన కురిసి గట్లు పొర్లినప్పుడు, అంతవరకు లేత పసుపుగా ఉంటూ వచ్చిన గొట్టం ముదురు ఆకుపచ్చకు తిరిగింది. యూరియాలో 46 శాతం నత్రజనే కనుక, పైరుకు అందనిది ఎటు పోతుందో కళ్లారా చూసినట్లయింది. నైట్రేట్ రెండో సీసాను మాత్రం అర నిమిషం గట్టిగా కుదపాలి. అడుగున పేరుకున్న పొడి కలవకపోతే రంగు సరిగా రాదు. ఈ సంగతి తెలియక రెండు వారాలు మా కాలువ శుభ్రంగా ఉందని మురిసిపోయాను.

అసలు లోపం ఫాస్ఫేట్ దగ్గర ఉన్నది. ఈ మందు నీటిలో కరిగిన భాస్వరాన్నే చూపుతుంది. వరద రోజుల్లో భాస్వరం చాలావరకు ఒండ్రుమట్టిని అంటుకొని పోతుంది. పైగా ఎర్రనీటిలో ఈ పరీక్షకు రావలసిన నీలి రంగు కనిపించదు, వడకట్టితే ఆ మట్టే పోతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. వాతావరణం వేడెక్కి కుంభవృష్టులు పెరిగేకొద్దీ, అటువంటి కొద్ది రోజుల్లోనే సముద్రానికి చేరేది ఎక్కువవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ కిట్ చేతులెత్తేస్తుంది.

కార్డుకు ఒకవైపు మంచినీటి రంగులు, మరోవైపు ఉప్పునీటి రంగులు ఉన్నాయి. పోటు వేళ కాలువలోకి ఉప్పునీరు ఎక్కి వచ్చినప్పుడు ఏ వైపు చూడాలో సూచనల కాగితంలో లేదు.

సిలికేట్‌ను, అంటే నీటిలో కరిగిన సిలికాను, కొలిచే సీసా లేకపోవడం నాకు మరీ వెలితిగా తోచింది. తీరంలో చేపల మేతకు మూలమైన డయాటమ్‌లనే కంటికి కనిపించని నాచులకు సిలికా కావాలి. ఆనకట్టల వెనుక జలాశయాల్లో దానిలో కొంత నిలిచిపోతుండగా, చేల నుంచి నత్రజని మాత్రం పెరుగుతూ పోతే, డయాటమ్‌ల స్థానంలో వేరే నాచులు బలపడే అవకాశం ఉంటుంది. ఆ సీసా విడిగా దొరుకుతుందా అని కంపెనీకి ఫోన్ చేస్తే, “రొయ్యకు అదెందుకండీ?” అని అడిగారు. డయాటమ్‌లు పెరగాలని చెరువులో సిలికేట్ చల్లే రైతులు మా ఊళ్లోనే ఉన్నారు.

చెరువు ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. కాలువ కోసమైతే వడపోత కాగితం కూడా తెచ్చుకొని, వరద తీసిన తరువాతే గొట్టం ముంచాలి.