ఇంటి డిపాజిట్ కోసం ఇండియా డబ్బును ముక్కలు చేసి తెప్పించుకుంటున్నారా? జాగ్రత్త

ఇంగ్లండ్‌లో మొదటి ఇల్లు కొనబోతున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ డిపాజిట్‌లో, అంటే లోను పోగా మీరు సొంతంగా కట్టే వాటాలో, అమ్మానాన్నలు పంపే డబ్బు ఉంటే, వాళ్లు బ్యాంకుకు వెళ్లకముందే చదవండి. మార్ట్‌గేజ్ (ఇంటి లోను) మంజూరయ్యాక కూడా ఈ ఒక్క కారణంతో మాకు ఇల్లు చేజారింది.

నాన్న తెనాలి దగ్గర స్థలం అమ్మి 30 లక్షలు ఇస్తానన్నారు. డబ్బు పంపే ఏర్పాటు చూసిన ఏజెంటు ఆయనకు ఒక లెక్క చెప్పాడు. ఇండియాలో ఉండేవారు బహుమతిగా విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్ను 20 శాతం వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 7 లక్షలే. నాన్న ఒక్కరే 30 లక్షలు పంపాలంటే మరో 4 లక్షలు కట్టాలి. నాన్న, అమ్మ, బాబాయి తలా 10 లక్షలు పంపితే ఒక్క రూపాయీ కట్టనక్కరలేదు. ‘అందరూ చేసేది ఇదేనండీ’ అన్నాడట. అబద్ధం కాదు, చాలామంది చేస్తున్నది ఇదే. ఇక్కడి మార్ట్‌గేజ్ బ్రోకరేమో ఇది బహుమతేనని దాత రాసిచ్చే గిఫ్ట్ లెటర్ ఉంటే చాలు, ఇంకేమీ అడగరని తేల్చేశాడు.

అడిగారు. ఇక్కడ 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటర్ (ఇంటి కొనుగోలు వ్యవహారం చూసే లాయరు) విచారించి తీరాలి. డబ్బు ముగ్గురి పేర్ల మీద వస్తే వాళ్ల లెక్కలో దాతలు ముగ్గురు. ముగ్గురి పాస్‌పోర్టులు, చిరునామా రుజువులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ముగ్గురి నుంచీ విడివిడిగా గిఫ్ట్ లెటర్లు కావాలన్నారు. అమ్మానాన్నలవి ఎలాగో సమకూర్చాం. చిక్కంతా బాబాయి స్టేట్‌మెంటుతో వచ్చింది. అందులో అన్నగారి నుంచి 10 లక్షలు వచ్చాయి, వెంటనే ఇంగ్లండ్‌కు వెళ్లిపోయాయి. మనకు అది అన్నదమ్ముల సర్దుబాటు. తనిఖీ చేసేవారికి మాత్రం, అసలు యజమాని కనబడకుండా డబ్బును ఖాతాలు మార్చినట్టు ఉంటుంది.

ఇంకో మెలిక ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ‘ఈ డబ్బు నాది, తిరిగి అడగను, ఇంటి మీద నాకు హక్కు లేదు’ అని గిఫ్ట్ లెటర్‌లో దాత సంతకం చేయాలి. బాబాయి డబ్బు బాబాయిది కాదు కదా! లేని మాట రాసి సంతకం పెట్టనని ఆయన అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను. పైగా తల్లిదండ్రులు, తోబుట్టువులు కాకుండా బంధువులు ఇచ్చే బహుమతిని కొన్ని బ్యాంకులు అసలు ఒప్పుకోవు.

ఇదంతా మొదటి వారంలోనే తెలిసి ఉంటే సరిదిద్దుకునేవాళ్లం. మా సొలిసిటర్ సంస్థ సెర్చ్‌లకు (ఆ ఇంటి గురించి కౌన్సిల్ లాంటి చోట్ల చేసే వాకబుకు) డబ్బు కట్టించుకుని, ఇంటి పరిస్థితి చూసే సర్వే కూడా అయిపోయి, బేరం ఖాయమయ్యే కాంట్రాక్టుల ఎక్స్ఛేంజ్ దగ్గరపడ్డాక నిధుల సంగతి ఎత్తింది. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఒకవేళ వాళ్లు పెద్ద నేరాలను చూసే నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి అనుమానం తెలియజేస్తే, ఆ సంగతి క్లయింటుకు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. మా విషయంలో కారణం అదో, ఒట్టి అలసత్వమో ఎవరూ చెప్పలేదు. ఎక్స్ఛేంజ్ కానంతవరకు ఇంగ్లండ్‌లో ఎవరైనా బేరం వదులుకోవచ్చు. అమ్మేవాళ్లు విసిగిపోయి వేరేవాళ్లకు ఇచ్చేశారు. సర్వేకు, సెర్చ్‌లకు పెట్టిన డబ్బు నీళ్లపాలు.

ఒళ్లు మండే విషయం ఏమిటంటే, టీసీఎస్ పోయే డబ్బు కాదు. అది ముందుగా పట్టుకునే పన్ను. నాన్న ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, మిగిలింది వాపసు వస్తుంది. ఎలాగూ తిరిగొచ్చే 4 లక్షల కోసం ఇంత తతంగం! కాబట్టి ఎవరి డబ్బో వాళ్ల ఖాతా నుంచే, నేరుగా మీ ఖాతాకే రానివ్వండి. విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక్క మనిషి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు, కనుక పరిమితి అడ్డం రాదు. టీసీఎస్‌కు డబ్బు ఇరుక్కోవడం ఇష్టం లేకపోతే, మార్చి 31 లోపు కొంత, ఏప్రిల్ 1 తర్వాత కొంత పంపమనండి. ఆర్థిక సంవత్సరాలు రెండైనా దాత ఒక్కరే.

స్థలమో పొలమో అమ్మిన డబ్బయితే దస్తావేజు అడుగుతారు. అది తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం కావాలి, స్నేహితుడు చేసిపెట్టింది పనికిరాదు. నాన్న మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకున్నారు కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు. దస్తావేజులో 12 లక్షలు రాయించి మిగతాది నగదుగా తీసుకున్నవాళ్లు మాత్రం ఆ మిగతాదాన్ని ఇక్కడికి తేవాలనే ఆలోచన మానుకోవాలి. ‘మా ఊళ్లో అంతే’ అనేది ఏ సొలిసిటర్ ముందూ చెల్లదు. కాగితం లేని వీధి చిట్టీ పాటకూ ఇదే గతి. రిజిస్టరైన చిట్‌ఫండ్ సంస్థ అయితే పాస్‌బుక్కూ చెల్లింపు పత్రమూ ఉంటాయి.

ఇక ఇక్కడి మిత్రుడు మీకు పౌండ్లు వేయడం, అక్కడ మీ నాన్న వాళ్ల నాన్నకు రూపాయలు ఇవ్వడం. దయచేసి దాని జోలికి పోకండి. మీ ఖాతాలో కనిపించేది ఏ చుట్టరికమూ లేని మనిషి వేసిన డబ్బు. ఇండియాలో ఇది ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) ఉల్లంఘన, జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు.

సొలిసిటర్‌ను కుదుర్చుకునే ముందే రెండు ప్రశ్నలు వేయండి: విదేశం నుంచి వచ్చే బహుమతిని తీసుకుంటారా, నిధుల తనిఖీ ఏ దశలో చేస్తారు? జవాబు ఈమెయిల్‌లో ఇమ్మనండి. ఇండియా నుంచి వచ్చే డబ్బంటేనే తలనొప్పి అనుకునే సంస్థలూ ఉన్నాయి, ముందే తెలిస్తే వేరే చోటు చూసుకోవచ్చు.

మేము ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. ఎనిమిది వారాల్లో సరైన సమాధానం రాకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, వెళ్తాం. బాబాయి ఖాతా నుంచి వచ్చిన 10 లక్షలను ఆయనకే తిప్పి పంపేశాం. ఈసారి అది నాన్న ఖాతా నుంచే వస్తుంది, టీసీఎస్‌తో సహా.