కడప బండల గదిలో రూమ్ కరెక్షన్: మూడేళ్ల వాడకం తరువాత

కడపలోని మా ఇంట్లో నేను సంగీతం వినే గది 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. కింద కడప బండలు, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. ఎండాకాలంలో కాళ్లకు హాయినిచ్చే ఆ బండలు ధ్వనిని ఏమాత్రం పీల్చుకోవు. చప్పట్లు కొడితే గది గణగణమంటుంది. మంచి స్పీకర్లు కొన్నాక కూడా మృదంగం తొప్పి (మంద్రంగా పలికే వైపు) మోగిన ప్రతిసారీ ఒకే రకమైన మోత గదిని కమ్మేసేది, గాయకుడి మాట దాని కింద నలిగిపోయేది. గది ధ్వనిలో తెచ్చే ఇలాంటి తేడాలను కొలిచి సరిదిద్దడమే రూమ్ కరెక్షన్. అందుకోసం మూడేళ్ల కిందట గది ధ్వనిని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను, యూమిక్-1 అనే యూఎస్‌బీ కొలత మైకును, విండోస్ కంప్యూటర్‌లో ఫిల్టర్లు, అంటే ఎంచుకున్న స్థాయి ధ్వనిని మాత్రమే తగ్గించే, పెంచే అమరికలు, నడిపే ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రామును సమకూర్చుకున్నాను. వీటిలో డబ్బు పెట్టి కొనాల్సింది మైకు ఒక్కటే.

కొలిచే పద్ధతి సులువే. స్పీకర్ల నుంచి అతి మంద్రమైన ధ్వని మొదలై క్రమంగా కీచుమనే దాకా పాకుతుంది. మైకు దాన్ని వింటే, గది ఏ పౌనఃపున్యాన్ని (ధ్వని ఎంత మంద్రమో, ఎంత కీచో హెర్ట్జ్‌లలో చెప్పే కొలత) ఎంత పెంచిందో, ఎంత మింగేసిందో సాఫ్ట్‌వేర్ గీత గీసి చూపుతుంది. ఫ్యాను, కూలరు ఆపి, వీధి సద్దుమణిగాక రాత్రిపూట కొలవాలి. మొదటి రాత్రి ఆ కూత విని మా అమ్మ నిద్ర లేచి వచ్చి, "ఏందిరా అది, కుక్కర్ ఏమన్నా పేలుతాదా?" అని అడిగింది.

గీతలో 47 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్ల (ధ్వని బిగ్గరతనపు కొలత) శిఖరం కనిపించింది. అది స్పీకర్ల దోషం కాదు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. 12 అడుగులంటే 3.66 మీటర్లు, ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం తరంగం ఇమిడే పౌనఃపున్యం లెక్కిస్తే ఆ 47 హెర్ట్జే వస్తుంది. స్పీకర్లు ఒక పొడవాటి గోడ దగ్గర ఉంటే, నా కుర్చీ ఎదుటి గోడకు ఆనుకొని, అంటే ఆ తరంగపు ఒత్తిడి అత్యధికంగా ఉండే చోటే ఉంది. కుర్చీని మూడడుగులు ముందుకు జరిపితే ఏ ఫిల్టరూ లేకుండానే 3 డెసిబెల్లు దిగింది. మిగిలినదాన్ని ఒక్క ఫిల్టరు తగ్గించింది. ఆ రాత్రి మృదంగంలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ నిశ్శబ్దం వినిపించింది. పెట్టిన ఖర్చు నా మటుకు అక్కడే తీరిపోయింది.

అయితే శిఖరాన్ని కోసిన ఉత్సాహంలో పల్లాన్ని పూడ్చబోయి భంగపడ్డాను. స్పీకర్ల ముఖం వెనక గోడకు రెండడుగుల దూరంలో ఉండటం వల్ల, గోడకు తగిలి తిరిగొచ్చే ధ్వని 140 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తోంది. అక్కడ 9 డెసిబెల్లు పెంచాను. అంటే ఆంప్లిఫయరు దాదాపు ఎనిమిది రెట్ల శక్తి ఇవ్వాలి. ఇచ్చినదంతా గోడ నుంచి వచ్చే ధ్వనితో కలిసి మళ్లీ రద్దవుతూనే ఉంటుంది. మంద్ర ధ్వనులు పలికే వూఫర్లు దడదడలాడాయే తప్ప పల్లం కదలలేదు. చివరికి స్పీకర్లను అర అడుగు వెనక్కి జరిపితే ఆ పల్లం 190 హెర్ట్జ్ దాకా పోయింది, లోతు కూడా తగ్గింది. అప్పటి నుంచి నా ఫిల్టర్లన్నీ తగ్గించేవే, పెంచేది ఒక్కటీ లేదు.

ఇంకో పొరపాటు పూర్తిగా నాదే. ఆ మైకుకు దాని సీరియల్ నంబరును బట్టి రెండు కాలిబ్రేషన్ ఫైళ్లు (మైకు సొంత తేడాలను సరిచేసేవి) ఇస్తారు: స్పీకర్ల వైపు గురిపెడితే ఒకటి, కప్పు వైపు నిలబెడితే మరొకటి. నేను మైకును నిలువుగా పెట్టి మొదటి ఫైలు వాడుతూ, పైస్థాయిలో తేడాలన్నీ గదివేనని నెలరోజులు సరిదిద్దుతూ కూర్చున్నాను. ఇప్పుడు 300 హెర్ట్జ్ పైన దేన్నీ ముట్టుకోను. ఆ పైన గణగణను తగ్గించడం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. అది బండల మీద పరిచిన మందపాటి జంపఖానా, పక్క గోడలకు వేలాడదీసిన పాత బొంతలు చేయాల్సిన పని. బొంతల విషయంలో ఇంట్లో ఇప్పటికీ పేచీ ఉంది.

కడప ఎండ కూడా లెక్కలోకి వస్తుందని రెండో ఏడాది తెలిసింది. వేడిగాలిలో ధ్వని వేగం పెరుగుతుంది. జనవరిలో 47 దగ్గర ఉన్న శిఖరం, గది 38 డిగ్రీలున్న మే నెల రాత్రి ఒక హెర్ట్జ్‌కు పైగా ఎగబాకింది. ఫిల్టరు పనిచేసే పరిధిని మరీ సన్నగా చెక్కడం వల్ల అది గురి తప్పింది. కాస్త వెడల్పు చేశాక రెండు కాలాలకూ సరిపోతోంది.

కంప్యూటర్‌లో సౌండు డ్రైవరు అప్‌డేట్ అయ్యాక ఫిల్టర్లు పనిచేయడం మానేస్తే, ఈక్వలైజర్ ఏపీఓలోని డివైస్ సెలెక్టర్‌ను (పాత వెర్షన్లలో దాని పేరు కాన్ఫిగరేటర్) మళ్లీ నడపాలి. మోత తిరిగి రావడమే నాకు దాని కబురు. ఇక ఈ దిద్దుబాటంతా నా కుర్చీ చుట్టూ తీసుకున్న ఆరు కొలతల సగటు మీద ఆధారపడింది. గది మధ్యలో దివాన్ మీద కూర్చునే మా ఇంటావిడకు 47 హెర్ట్జ్ అసలే తక్కువగా వినిపిస్తుంది, నా ఫిల్టరు దాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఆమె ఒక్కతే వినేటప్పుడు ఫిల్టర్లు ఆపేసి వింటుంది.