వనపర్తి రోడ్‌ల వనపర్తి లేదు, స్టేషన్ పక్క లాడ్జి స్టేషన్ పక్క లేదు

ముందుగాల లాడ్జి సంగతే చెప్తా, కడుపుమంట ఇంకా సల్లారలే. యాప్‌ల ఏమని ఉందంటే గద్వాల రైల్వే స్టేషన్‌కు 300 మీటర్లు, ఏసీ రూమ్, ముగ్గురికి 1,450 రూపాయలు. రాత్రి ఎనిమిదిన్నరకు స్టేషన్ ముందట నిలబడి చుట్టూ చూస్తే ఆ పేరుతోటి బోర్డే లేదు. ఫోన్ చేస్తే అవతలోడు తాపీగ "సార్, మీరు హైవే మీదికి రండి, ఎర్రవల్లి చౌరస్తా దాటినంక కనబడ్తది" అన్నడు. గద్వాలకెళ్లి ఎర్రవల్లి చౌరస్తా అంటే పదిహేను కిలోమీటర్ల పైనే. పైసలు ముందే కట్టినం, వాపస్ ఇయ్యరట.

కారు నడిపే శీనుగాడు స్టీరింగ్ మీద తలకాయ పెట్టి ఒక్క మాట మాట్లాడలే. మా మేనమామ మాత్రం వెనక సీట్ల పడీపడీ నవ్విండు. "అరే, ఇది గద్వాల రోడ్ లాడ్జి రా అల్లుడా" అన్నడు.

ఆ నవ్వు ఎందుకో తెల్వాలంటే పొద్దుగాలి ముచ్చట చెప్పాలె. మామ రైల్వే గూడ్స్ ఆఫీసుల క్లర్కుగ చేసి రిటైర్ అయిండు, అసలు సిసలు మీటర్ గేజ్, అంటే ఇరుకు పట్టాల జమానా మనిషి. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదికెళ్లి ద్రోణాచలం దాంక పోయే ఆ లైన్ 1990లల్ల బ్రాడ్ గేజ్, అంటే వెడల్పు పట్టా అయింది, ఇప్పుడు కరెంటు తీగలు గూడ వచ్చినయ్, సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ నడుమ 85 కిలోమీటర్ల డబ్లింగ్, అంటే పక్క పొంటి రెండో లైన్, 2023ల చాలూ అయింది. ఆయనకు ఇదేం అక్కర లేదు. పల్లికాయ బస్తాలు ఎక్కిన తొవ్వ ఒకసారి చూడాలె, ఏ గూడ్స్ షెడ్డు మిగిలిందో ఏది పోయిందో చూడాలె అని ఏడాది సంది నా పానం తింటుండు. కాచిగూడ స్టేషన్ ముందటికెళ్లే బయల్దేరాలె అని పట్టు, ఎందుకంటే ఆ బిల్డింగ్ 1916 నాటిది, "సెంటిమెంట్ రా".

షాద్‌నగర్ దాంక చెప్పుకునేంత ఏం లేదు, చాయ్ 15 రూపాయలు, చక్కెర ఎక్కువ.

జడ్చర్లల మామ బాగ హుషారైండు. బాదేపల్లి మార్కెట్ అంటే అప్పట్ల సరుకు అమ్మిపెట్టే అడ్తిదారులు, తూకం ఏసే దడ్వాయిలు, హమాలీలు, పొద్దున్నే బండ్ల లైను. వ్యాపారి వచ్చి వ్యాగన్ కావాలని ఇండెంట్ పెట్టాలె, బస్తాలు తూకం అయి ఎక్కినంక మామ ఆర్‌ఆర్ చిట్టీ, అంటే రైల్వే రసీదు రాసియ్యాలె, ఆ చిట్టీ చేతిల ఉన్నోడే అవతల స్టేషన్‌ల సరుకు విడిపిచ్చుకుంటడు. మరి ఇంత సాగిన పని ఎందుకు బంద్ అయింది అని అడిగితే చెప్పిండు. మీటర్ గేజ్‌ల పట్టాల నడుమ వెయ్యి మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్‌ల 1,676, అంటే ఈ వ్యాగన్ ఆ పట్టా మీదికి ఎక్కది, బొంబాయి దిక్కు పోయే సరుకంత సికింద్రాబాద్‌ల దించి మళ్ల ఇంకో వ్యాగన్‌ల ఎక్కియ్యాలె, ప్రతి బస్తాకు రెండుసార్లు హమాలీ కూలి, కొక్కెం గుచ్చిన ప్రతిసారి కొన్ని పల్లీలు నేలపాలు. లారీ వచ్చి అడ్తి ముందట నిలబడ్డంక ఎవడు ఈ తిప్పలు పడ్తడు? దానికి తోడు 1980లల్ల రైల్వే గూడ ఒకటి రెండు వ్యాగన్ల సరుకు వద్దు, రేకు (గూడ్స్ బండి వ్యాగన్ల వరుస) మొత్తం నింపేటోడే రావాలె అనే దిక్కు మళ్లింది. చిన్న స్టేషన్ల షెడ్లు అట్ల ఎండిపోయినయ్.

జడ్చర్ల దాటినంక ఒక వాగు కాడ కారు ఆపమన్నడు. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ నడుమ వంతెన కూలి రైలు పడ్డది, వంద మందికి పైగా పోయిండ్రు. రైల్వే మంత్రిగ ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి అప్పుడే రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలే, మళ్ల నవంబర్‌ల తమిళనాడు దిక్కు అరియలూర్‌ల ఇట్లనే అయితే రెండోసారి ఇచ్చి దిగిపోయిండు. మామకు అప్పుడు ఆరేండ్లు, వాళ్ల నాయిన లాంతరు పట్టుకొని పోయి మూడు రోజులకు ఇంటికొచ్చిండట. ఆ కూలింది ఇదే వాగా అంటే జవాబు చెప్పలే. చెప్పులు ఇడిసి కొంచెంసేపు నిలబడి వచ్చి కూసున్నడు. శీనుగాడు పాటలు బంద్ చేసిండు, ఆడు ఆ రోజు చేసిన ఒకే మంచి పని.

దేవరకద్ర దాటినంక ఒక పల్లెల చేను కంచెకు పాతిన కడీలు చూసి మామ "ఆపు ఆపు" అని ఒర్లిండు. అవి పాత పట్టాల ముక్కలు. ఇప్పటి పట్టాతోటి చూస్తే సన్నగ పీలగ ఉన్నయ్. కారు తాళంచెవితోటి తుప్పు గీకినం, పట్టా పక్కకు ఉబ్బెత్తు అక్షరాలు తేలినయ్, "19" దాంక కనబడ్డది, దాని తర్వాత సున్నం పూత. చేనాయన వచ్చి "ఏం గీకుతున్నరు, కొంటరా?" అన్నడు. మామ నిజంగనే ధర అడిగిండు, కారుల పట్టదని నేను గుంజుకొచ్చిన.

ఇగ వనపర్తి రోడ్. స్టేషన్ ఉండేది మదనాపురంల, వనపర్తి ఎక్కడో దూరం. శీనుగాడు వనపర్తిల బిర్యానీ తిందామని పొద్దుగాలి నుంచి కడుపు మాడ్చుకున్నడు, మదనాపురం బోర్డు చూసి మొఖం మాడ్చుకున్నడు. మామ చెప్పిందేందంటే ఊరు దూరముండి, ఆ ఊరికి పోయే తొవ్వ మాత్రమే స్టేషన్ కాడికెళ్లి ఉంటే పేరు ఎనక "రోడ్" అని తోక తగిలిస్తరు. అలంపూర్ రోడ్ గూడ అంతే. నారాయణపేట కత అయితే ఇంకా అన్యాయం, కర్నాటకల ఉన్న సైదాపూర్ స్టేషన్‌ను ఒకప్పుడు నారాయణపేట రోడ్ అనేటోళ్లు. "రైల్వేవోడు నయం, రోడ్ అని రాసి ఒప్పుకుంటడు" అన్నడు, అప్పటికి మాకు లాడ్జి సంగతి తెల్వదు.

బిర్యానీ పోయినా జూరాల కాపాడింది. ప్రాజెక్టు కాడ చేపలు కండ్ల ముందటనే కోసి, కారం పట్టిచ్చి కాగే నూనెల ఏస్తరు. కిలో వేపుడు 400, జొన్న రొట్టె ఒక్కోటి 20, పచ్చి పులుసు ఊకెనే పోసిండ్రు. చేప తోలు కరకర, లోపల పాలలెక్క తెల్లగ, ఎల్లిపాయ కారం ముల్లు దాంక దిగింది. శీనుగాడు ఏడు రొట్టెలు తిని మామ కాళ్లు మొక్కిండు. ఆ తొవ్వల పోతే ఇది తినకుండ రాకుండ్రి. ఆదివారం మాత్రం పోకుండ్రి, జనం.

గట్ల తిని వచ్చి ఆ లాడ్జిల పడ్డం. మూడో మనిషికి బెడ్ 500 అదనం, యాప్‌ల ముగ్గురికి అని ఉన్నా సరే. బెడ్ అంటే బొంత. వేడి నీళ్లు బకెట్‌కు 40 లెక్క రెండు బకెట్లు, ఏసీ రిమోట్‌కు డిపాజిట్ 200, పొద్దున వాపస్ ఇచ్చేటోడు డ్యూటీ దిగిపోయిండు. బాత్‌రూమ్‌కు గొళ్లెం లేదు. దుప్పటి అంచుకు ఎర్ర దారంతోటి వేరే లాడ్జి పేరు కుట్టి ఉంది! మొత్తం 2,230 అయింది, పొద్దున మళ్ల గద్వాల దాంక ఎనక్కి. నా మాట ఇనుండ్రి, గద్వాలల రూమ్ కావాలంటే ఊర్లకు పోయి, చూసి, అప్పుడు పైసలియ్యుండ్రి.

రెండో రోజు గద్వాల కోట ఊకె అట్ల చూసి మక్తల్ మీదికెళ్లి కృష్ణ స్టేషన్‌కు పోయినం. 1871ల బొంబాయి దిక్కుకెళ్లి వచ్చిన లైన్, మద్రాసు దిక్కుకెళ్లి వచ్చిన లైన్ రాయచూర్‌ల కలిసినయ్, ఆ తొవ్వ మీద స్టేషన్ ఇది. జక్లేర్–కృష్ణ 37 కిలోమీటర్ల కొత్త లైన్ 2023 అక్టోబర్‌ల చాలూ చేసిండ్రు, ఇప్పుడు దేవరకద్ర నుంచి ఇక్కడికి పట్టా ఉంది. ఒక బొగ్గు రేకు రాయచూర్ దిక్కు పోయింది, మామ ఏలు ఆడిచ్చుకుంట 58 వ్యాగన్లు లెక్కపెట్టిండు. "ఒక్క బస్తా లేదు" అన్నడు.

పెట్రోల్ 3,200 అయింది, శీనుగాడు సగం ఇంకా ఇయ్యలే.

వాపస్ వచ్చేటప్పుడు దేవరకద్ర కాడ లాడ్జి మేనేజర్ ఫోన్, ఐదు స్టార్లు ఇయ్యమని. మామ ఫోన్ గుంజుకొని "ఇస్తం బిడ్డా, ముందుగాల నీ బోర్డు మీద గద్వాల రోడ్ అని రాపిచ్చు" అని పెట్టేసిండు.