బార్ ఉన్న హెడ్‌గార్డ్: కంటికి ఎంత కాపు?

బాక్సింగ్ స్పారింగ్ (ప్రాక్టీస్ పోరు) కోసం ముఖం ముందు అడ్డంగా బార్ ఉన్న హెడ్‌గార్డ్ కొన్నాను. మామూలు హెడ్‌గార్డ్ నుదురు, చెంపలు కాస్తుంది గానీ కళ్ల ముందు ఏమీ ఉండదు. దీంట్లో నేరుగా వచ్చే జాబ్ (ముందు చేత్తో సూటిగా ఇచ్చే గుద్దు) చాలావరకు బార్ దగ్గరే ఆగిపోతోంది. ఆ దెబ్బ నేరుగా కంటికి పడితే కంటి కింది పలుచని ఎముక విరగొచ్చు, కంటి లోపలి రెటీనా పొర ఊడొచ్చు. బాక్సింగ్ చాంపియన్ షుగర్ రే లియొనార్డ్ అంతటివాడికే 1982లో రెటీనా ఆపరేషన్ అయింది.

చిరాకు పెట్టేది చూపు. కిందనుంచి వచ్చే అప్పర్‌కట్ బార్ చాటున అసలు కనబడదు. చెమట పడితే లోపలి ప్యాడ్ జారి ఒక కన్ను సగం మూసేస్తుంది, రౌండ్ మధ్యలో గ్లవ్‌తో తోసుకోవాలి. ఈ ధరకి ఇదేం ప్యాడ్ అనిపించింది! మా కోచ్‌గారైతే ఇది పెట్టుకుంటే దెబ్బ తప్పించుకోడానికి తల కదపడం మర్చిపోతారని గొణుగుతారు. అదీ నిజమే.

బొటనవేలు కంట్లో గుచ్చుకోవడం దీంతో పూర్తిగా ఆగదు. అందుకు బొటనవేలు కలిపి కుట్టిన గ్లవ్సే మేలు. ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ కలిసిన పోరు) ఆడేవాళ్లు దీన్ని నమ్ముకోవద్దు, వాళ్ల గ్లవ్స్‌లో వేళ్లు బయటే ఉంటాయి, సందులోంచి దూరతాయి. దెబ్బ తర్వాత మెరుపులు, నల్ల చుక్కలు, తెర పడ్డట్టు కనిపిస్తే మాత్రం ఏ హెడ్‌గార్డ్ పెట్టుకున్నా ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించుకోవాలి.

బాక్సింగ్ స్పారింగ్‌కి ఐదుకి మూడు.